స్పష్టంగా కనిపిస్తే కన్ను క్షేమమేనా?



కర్నూలు నుండి ఒక సోదరి నాలుగు పుటల లేఖ రాశారు. ఆమె కుమారునికి 36 ఏళ్ళు. పన్నెండేళ్ళ క్రితం, నిశ్చితార్థానికి ముందు, రెండు కళ్ళకూ లాసిక్ ఆపరేషన్ చేయించుకుని మైనస్ 7 కళ్ళజోడును వదిలించుకున్నాడు. కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తరువాత రాత్రివేళ వాహనాల దీపాల చుట్టూ వలయాలు, చదివే అక్షరం పక్కనే దాని నీడ వంటి మరో అక్షరం కనిపించసాగాయి. కళ్ళజోడు రెండుసార్లు మార్చినా ఫలితం లేకపోయింది. హైదరాబాదులో పరీక్షించిన వైద్యులు రెండు సంగతులు చెప్పారు. గట్టి కాంటాక్ట్ లెన్సు పెడితే తప్ప చూపు చక్కబడదన్నది మొదటిది. ‘కాలా మోతియా’ ప్రారంభమైంది, చుక్కల మందు జీవితాంతం వేసుకోవాలన్నది రెండవది.

లెన్సు అమర్చారు. చూపు 6/6కు వచ్చింది. అబ్బాయి చుక్కల మందు మానేశాడు! అతని వాదన ఇది: “కంటి ఒత్తిడి 14 వచ్చింది. 21 దాకా మామూలే అంటారు కదా! గోడ మీది చిట్టచివరి వరుస సైతం చదువుతున్నాను. ఇక జబ్బు ఎక్కడుంది?” తల్లి మనసు ఒప్పుకోవడం లేదు. రోజాలో చుక్కలు వేయవచ్చా, వుజూకు లెన్సు తీయాలా, చిన్న కుమార్తెకు పెళ్ళికి ముందు ఇదే ఆపరేషన్ చేయించవచ్చా అని కూడా ఆమె అడిగారు.

మసాయిల్ చెప్పడం నా పని. వైద్య విషయాలను నేత్ర వైద్యులను అడిగి నిర్ధారించుకుని రాస్తున్నాను. ఆ అబ్బాయి మందు విషయంలో తుది మాట అతణ్ణి పరీక్షించే వైద్యునిదే. కాని అతని వాదనలోని రెండు ఆధారాలూ, ‘14’ అనే అంకె, 6/6 చూపు, అతడు అనుకున్నంత బలమైనవి కావు. ఈ మాట ఆ ఇంటి వారికి మాత్రమే కాదు, లాసిక్ చేయించుకున్న బిడ్డలున్న ప్రతి ఇంటికీ తెలియవలసినది.

మొదట పేర్ల గందరగోళాన్ని తొలగించుకుందాం. మన ఇళ్ళలో ‘మోతియా’ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు జబ్బులను పిలుస్తాము. సఫేద్ మోతియా అంటే తెలుగులో శుక్లం. కంటి లోపలి సహజ కటకం మసకబారుతుంది. ఆపరేషన్ చేసి కొత్త కటకం అమర్చితే చూపు తిరిగి వస్తుంది. కాలా మోతియా అంటే నీటికాసులు, వైద్యులు గ్లకోమా అంటారు. ఇక్కడ చెడేది కటకం కాదు, కంటి నుండి మెదడుకు చూపును చేరవేసే నరం. ఆ నరంలో 10 లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. పోయిన పోగు మళ్ళీ పుట్టదు. మందు గాని, లేజరు గాని, ఆపరేషన్ గాని ఉన్నదాన్ని కాపాడగలవే తప్ప పోయినదాన్ని తేలేవు. “నాన్నగారి మోతియా ముదరనివ్వండి, అప్పుడు ఆపరేషన్ చేయిద్దాం” అని పాత రోజుల్లో శుక్లం గురించి చెప్పిన మాటను నీటికాసులకు అన్వయించి చూపు పోగొట్టుకున్న పెద్దలు ఎందరో!

ఈ జబ్బు చప్పుడు చేయదు. సాధారణంగా కనిపించే రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల వైపు నుండి తరుగుతుంది. ఒక కంటిలో తరిగినదాన్ని రెండో కన్ను పూరిస్తుంది, మిగిలినదాన్ని మెదడు ఊహించుకుని నింపుతుంది. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో 10 వేలకు పైగా ప్రజల కళ్ళను పరీక్షించింది. నీటికాసులు బయటపడినవారిలో అత్యధికులకు అంతవరకు తమకు ఆ జబ్బు ఉన్నట్లే తెలియదు.

ఇక ‘14’ సంగతి. కనుగుడ్డు లోపల ఒక ద్రవం నిరంతరం ఊరుతూ, జల్లెడ వంటి సన్నని మార్గం గుండా బయటికి పోతూ ఉంటుంది. రాకపోకలు సమంగా ఉంటే లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. దీన్ని కొలవడానికి ప్రపంచమంతటా ప్రామాణికంగా వాడే సాధనం గోల్డ్‌మన్ టోనోమీటరు. 1950లలో హాన్స్ గోల్డ్‌మన్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు దాన్ని రూపొందించాడు. కంటి ముందున్న పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, కొద్దిగా నొక్కి చదును చేయడానికి ఎంత బలం పట్టిందో చూసి లోపలి ఒత్తిడిని లెక్కగడతారు. బంతిలో గాలి ఎంతుందో బొటనవేలితో నొక్కి చూడటం వంటిదే ఇది. అయితే ఆ లెక్క ఒక ఊహపై నిలిచి ఉంది: కార్నియా మందం అందరిలో దాదాపు ఒకేలా, సుమారు అర మిల్లీమీటరు ఉంటుందని.

లాసిక్ ఆ ఊహను భంగపరుస్తుంది. కార్నియాపై ఒక పలుచని రేకును తెరిచి, లోపలి కణజాలాన్ని లేజరుతో చెక్కి, రేకును తిరిగి పరుస్తారు. తీసివేసే మందం పవరును బట్టి ఉంటుంది. ఒక్కొక్క మైనస్ పవరుకు సుమారు 12 నుండి 15 మైక్రాన్లు. మైనస్ 7 అంటే 80 నుండి 100 మైక్రాన్ల దాకా పోయినట్లు. 540 మైక్రాన్ల కార్నియా 450కి దిగింది. పైన పరిచిన రేకు మునుపటిలా అతుక్కుని బలాన్ని ఇవ్వదు. తోలు పలచబడిన బంతి లోపల గాలి నిండుగా ఉన్నా వేలి కింద సులభంగానే నొక్కుకుపోతుంది. అందువల్ల సాధనం అసలు ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తుంది. కొందరిలో 2 లేక 3 తక్కువ, మరికొందరిలో 5 లేక అంతకు మించి. ఇంత కలిపితే సరిపోతుందని నమ్మకంగా చెప్పగల సూత్రమేదీ లేదు. ఆ అబ్బాయి కాగితం మీద 14 అయినది కంటిలో 17 కావచ్చు, 20 కావచ్చు. పైగా లాసిక్ మాట అటుంచినా, ఒత్తిడి మామూలు హద్దులలోనే ఉండి నరం దెబ్బతినే నీటికాసులు ఉన్నాయి. మందు వేయమన్న వైద్యుడు అంకెను చూసి చెప్పలేదు, నరాన్ని చూసి చెప్పి ఉంటాడు.

కనుక లాసిక్ గాని, అటువంటి మరే లేజరు చికిత్స గాని చేయించుకున్నవారు ఏ నేత్ర వైద్యుని దగ్గరికి వెళ్ళినా తొలి మాటగా ఆ సంగతే చెప్పాలి. మానిన కంటిలో ఆ గుర్తులు అన్నివేళలా సులువుగా కనపడవు. ఆపరేషన్‌కు ముందు ఒత్తిడి ఎంత, కార్నియా మందం ఎంత, ఎంత పవరు తీశారు అనే కాగితాలు దొరికితే తీసుకువెళ్ళాలి. దొరకకపోతే చేయించిన చోటికి వెళ్ళి నకలు అడగాలి. కార్నియా మందం ప్రభావం తక్కువగా ఉండే ఇతర కొలత సాధనాలు పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి. ఏ సాధనమైనా ప్రతిసారీ అదే సాధనంతో కొలిపించడం మేలు. అప్పుడు అంకె ఖచ్చితం కాకపోయినా అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది తెలుస్తుంది. నిజమైన సాక్ష్యం మాత్రం నరం పోగుల మందాన్ని కొలిచే ఓసీటీ పరీక్షలోనూ, చూపు పరిధిని చూసే ఫీల్డ్ పరీక్షలోనూ ఉంది. ఫీల్డ్ పరీక్ష విసుగు పుట్టిస్తుంది. మినుకుమనే దీపం కనిపించినప్పుడల్లా బటను నొక్కుతూ ఓపికగా కూర్చోవాలి. చాలామంది దాన్ని తప్పించుకోజూస్తారు.

ఇక లెన్సు సంగతి. ఆ అబ్బాయికి కళ్ళజోడు పనిచేయకపోవడానికి కారణం పవరు కాదు, కార్నియా ఉపరితలం. లేజరు చెక్కిన భాగం సమంగా లేకపోతే, లేక పలచబడిన కార్నియా కాలక్రమంలో ముందుకు ఉబ్బితే, వెలుతురు ఒక్క చోట కేంద్రీకరించదు. కంటికి అంత దూరాన నిలిచే కళ్ళజోడు ఆ మిట్టపల్లాలను సరిచేయలేదు. మెత్తని లెన్సు వాటి మీదే వంగి, అదే ఆకారాన్ని పొందుతుంది. గట్టి లెన్సు వంగదు. దానికీ కార్నియాకూ మధ్య కన్నీరు నిండుతుంది. గుంతలు పడిన నేల మీద నీరు నిలిచినప్పుడు పైభాగం చదునుగా కనిపించినట్లు, కన్నీరు ఆ గుంతలను పూడ్చివేస్తుంది. వెలుతురుకు ఎదురయ్యేది ఇప్పుడు నున్నని కొత్త ఉపరితలం. అందుకే చూపు ఒక్కసారిగా తేటపడుతుంది.

దాన్ని అమర్చడం మాత్రం తేలిక కాదు. సహజమైన కార్నియా నడుమ నిటారుగా, అంచులకు పోను పోను చదునుగా ఉంటుంది. మైనస్ పవరుకు లాసిక్ చేసిన కార్నియా దీనికి తలకిందులు. నడుమ చదును, చుట్టూ నిటారు. మామూలు గట్టి లెన్సు పెడితే చెక్కిన భాగపు అంచుల మీద ఆనుతుంది, మధ్యలో కన్నీరు మడుగు కడుతుంది, గాలిబుడగ చేరుతుంది, రెప్ప ఆర్పినప్పుడల్లా లెన్సు పక్కకు జారుతుంది. అందుచేత నడిమి వంపు చదునుగా, దాని చుట్టూ ఉండే వంపు నిటారుగా ఉన్న ప్రత్యేకమైన లెన్సులను ఇటువంటి కళ్ళకు వాడతారు. కంటిలో పచ్చరంగు ద్రవం వేసి నీలికాంతిలో చూస్తారు. లెన్సు ఆనిన చోట నల్లగా, కన్నీరు నిలిచిన చోట మెరిసే ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆ రంగులను చదివి వంపులను మార్చుకుంటూ పోవాలి. రెండు మూడు సార్లు రమ్మన్నారంటే డబ్బు గుంజడానికేనని అనుమానించవద్దు. మొదటి లెన్సే కుదరడం అరుదు.

అది కూడా కుదరకపోతే స్క్లెరల్ లెన్సు అనే పెద్ద లెన్సు ఉంది. అది కార్నియాను తాకకుండా వంతెనలా దాటి తెల్లగుడ్డు మీద ఆనుతుంది. లోపల సెలైన్ నింపి పెట్టుకోవాలి. పొడిబారిన కంటికి అది ఎంతో హాయి. అయితే నీటికాసులు ఉన్నవారి విషయంలో వైద్యులు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. తెల్లగుడ్డు మీద ఆ లెన్సు అంచు నొక్కే ప్రాంతానికి సమీపంలోనే కంటి ద్రవం బయటికి పోయే మార్గాలు ఉన్నాయి. ఆ నొక్కుడు వల్ల ఒత్తిడి పెరుగుతుందా లేదా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు. లెన్సు ధరించి ఉండగా మామూలు పద్ధతిలో ఒత్తిడిని కొలవడమూ సాధ్యం కాదు. నీటికాసులకు ఇదివరకే ఆపరేషన్ జరిగి, పైరెప్ప చాటున ద్రవం పోవడానికి పొక్కు వంటి దారిని గాని గొట్టాన్ని గాని అమర్చి ఉంటే, లెన్సు అంచు దాన్ని ఒరిస్తే పుండుపడవచ్చు, క్రిములు నేరుగా కనుగుడ్డు లోపలికే ప్రవేశించవచ్చు. కనుక లెన్సు అమర్చే నిపుణునికి నీటికాసుల మాట, నీటికాసుల వైద్యునికి లెన్సు మాట తప్పక తెలిసి ఉండాలి. ఇద్దరూ వేర్వేరు ఆసుపత్రులలో ఉంటే ఆ మాట చేరవేయవలసింది రోగి, అతని ఇంటివారు.

ఇప్పుడు ఆ అబ్బాయి రెండవ వాదనకు వద్దాం. సోదరీ, మీ కుమారుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించండి. లెన్సు బాగుచేసింది కంటి వాకిలిని. మందు కాపాడవలసింది లోపలి గదిని. చార్టు మీది అక్షరాలు చదవడానికి చూపు కేంద్రంలోని చిన్న భాగం చాలు. నీటికాసులు సాధారణంగా దాన్ని చివరి వరకు వదిలిపెడతాయి. 6/6 చదువుతూ కూడా చూపు పరిధిలో పెద్ద భాగం కోల్పోయినవారు ఉంటారు. లెన్సు లేని రోజుల్లో మసక చూపు అతణ్ణి ఆసుపత్రికి నడిపించింది. ఇప్పుడు తేట చూపు అతణ్ణి ఇంట్లో కూర్చోబెడుతోంది. లోపలి నరం స్థితి మాత్రం ఆనాడూ ఈనాడూ ఒక్కటే, మందు మానినందువల్ల ఇంకా ప్రమాదంలో పడింది. వెంటనే వైద్యుణ్ణి కలిసి మళ్ళీ మొదలుపెట్టమనండి.

బహుశా అతడు పైకి చెప్పని కారణం మరొకటి ఉందేమో. లాసిక్‌లో కార్నియా నరాలు తెగి కన్ను పొడిబారుతుంది. నీటికాసుల చుక్కలలో చాలావాటిలో కలిపే నిలవ పదార్థం ఆ పొడిని పెంచి మంట పుట్టిస్తుంది. దానిపై గట్టి లెన్సు! మూడూ కలిస్తే సహించడం కష్టమే. అయితే దానికి మందు మానడం పరిష్కారం కాదు. నిలవ పదార్థం లేని చుక్కలు దొరుకుతాయి, ఖరీదు కొంత ఎక్కువ. రోజుకు ఒక్కసారే వేసే రకాలూ ఉన్నాయి. మంటగా ఉందని వైద్యునితో నోరు విప్పి చెప్పాలి. చెప్పకుండా మానడం మన మగవారిలో మరీ ఎక్కువ.

లెన్సు కంట్లో ఉండగా చుక్కలు వేయరాదు. రాత్రికి ఒక్కసారి వేసే మందయితే లెన్సు తీసిన తరువాత వేసుకుంటే చాలు. రెండు పూటలదయితే ఉదయం చుక్క వేసి కనీసం 15 నిమిషాలు ఆగి లెన్సు పెట్టుకోవాలి, సాయంత్రం తీసిన తరువాత రెండవ చుక్క వేసుకోవాలి.

వుజూకు లెన్సు తీయనవసరం లేదు. ముఖం కడగడంలో కంటి లోపలి భాగం చేరదు. గుస్ల్‌లోనూ అంతే. కాని ఇక్కడ మసలా కంటే ఆరోగ్యం పెద్దది. కుళాయి నీటిలో, ఇంటి పై ట్యాంకులో, మస్జిద్ హౌజులో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. లెన్సు కింద చేరితే అది కార్నియాను తొలిచివేస్తుంది. నయం కావడానికి నెలలు పడుతుంది. కాబట్టి రెప్పలు గట్టిగా మూసి ముఖం కడుక్కోండి. లెన్సు ముట్టేముందు చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. లెన్సును, దాని డబ్బీని మందు ద్రావకంతోనే కడగండి. బర్కత్ కోసమని ఒకరు జమ్‌జమ్‌తో లెన్సు కడిగారని విన్నాను. జమ్‌జమ్ తాగండి, దుఆ చేయండి. లెన్సు మాత్రం దాని ద్రావకంలోనే ఉండాలి. లెన్సు పెట్టే కంటికి సుర్మా కూడా వద్దు. ఆ పొడి లెన్సు కింద చేరి కార్నియాను గీరుతుంది.

కన్ను ఎర్రబడితే లెన్సు తీసి వైద్యుణ్ణి చూడండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ‘ఎరుపు చుక్కల’లో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. అది కొందరి కంటి ఒత్తిడిని అమాంతం పెంచుతుంది. నీటికాసులు ఉన్నవారిలో, వారి రక్తసంబంధీకులలో ఈ గుణం మరింత ఎక్కువ. లాసిక్ కంటిలో పెరిగిన ఒత్తిడి సాధనానికి సరిగా చిక్కదు కూడా. ఎక్కడ ప్రమాదం ఎక్కువో అక్కడే హెచ్చరిక గంట మోగదు.

రోజా సంగతి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కంట్లో మందు వేస్తే రోజా భంగం కాదు, గొంతులో రుచి తెలిసినా సరే. షాఫయీ మజ్‌హబ్‌లోనూ భంగం కాదు, కనుక బార్కస్‌లోని మన సోదరులకూ ఇదే వర్తిస్తుంది. మాలికీ, హంబలీ ఫుకహా రుచి గొంతుకు చేరితే భంగమన్నారు. కంటి నుండి ముక్కుకు సన్నని నాళం ఉందని నేటి వైద్యం చెబుతున్నది గదా అని కొందరు సందేహిస్తారు. ఈ సంగతి తెలిసే, 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కంటి చుక్కలను రోజాను భంగపరచని వాటిలో చేర్చింది. ఒక చుక్క అంటే మిల్లీలీటరులో సుమారు 20వ వంతు, కంట్లో నిలిచేది అంతకంటే తక్కువ. ఇంకా మనసు కుదుటపడనివారికి వైద్యులు చెప్పే ఒక పద్ధతి ఉంది. చుక్క వేసి కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతుకు చేరడం బాగా తగ్గుతుంది, కంట్లో బాగా ఇంకుతుంది. రమజానుతో పనిలేకుండా ఏడాది పొడవునా పాటించదగిన పద్ధతి ఇది. సహరీకి, ఇఫ్తార్ తరువాత వేసుకునేలా వేళలు మార్చుకోవాలనుకుంటే వైద్యుణ్ణి అడిగి మార్చుకోండి. నెల పాటు మందును పక్కన పెట్టడం మాత్రం రోజా కోరని త్యాగం.

చివరిది, చిన్న కుమార్తె ఆపరేషన్. కంటి లోపానికి చికిత్స గనుక లాసిక్‌ను అల్లాహ్ సృష్టిని మార్చడంగా ఉలమా పరిగణించరు, ధర్మం దృష్ట్యా అభ్యంతరం లేదు. నా అభ్యంతరం వేరు. అన్నకు నీటికాసులు ఉన్నాయి. తోబుట్టువుకు ఉంటే మిగిలినవారికి వచ్చే అవకాశం అనేక రెట్లు ఎక్కువ. ఎక్కువ మైనస్ పవరు తానే ఒక ప్రమాద కారణం. పెళ్ళిచూపులలో కళ్ళజోడు కనిపించకూడదన్న తొందరలో, ఒత్తిడి కొలతను ఆజన్మాంతం అనుమానాస్పదం చేసుకోవడం ఆమెకు అవసరమా? ముందుగా నీటికాసుల నిపుణుని చేత నరాన్ని, చూపు పరిధిని, కార్నియా మందాన్ని పరీక్ష చేయించండి. వద్దంటే కళ్ళజోడుతోనే సంబంధం చూడండి. కళ్ళజోడు ఉన్న సంగతి అవతలివారికి చెప్పండి, దాచవద్దు. పరవాలేదని నిపుణుడు అంటే ఆపరేషన్‌కు ముందరి కొలతలన్నీ రాయించి ఒక ఫైలులో పెట్టండి. ఆమె అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఆ ఫైలు మీ ఇంటి అలమరలో ఉండిపోకుండా ఆమె సామానుతో పాటే వెళ్ళాలి.